ఎల్4–ఎల్5 జారితే స్క్రూలు వేయించుకోవాల్సిందేనా? అమ్మగారి నడుము ఆపరేషన్ గురించి అడిగినవారికి సమాధానం

మీరు రాసిన వివరాలను బట్టి అమ్మగారి వయసు 61 ఏళ్లు, కొన్నేళ్లుగా షుగర్ ఉంది. ఏడాదిగా కాస్త దూరం నడిస్తే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా లాగేస్తున్నట్టు నొప్పి, తిమ్మిరి వచ్చి ఎక్కడో ఒకచోట కూర్చోవలసి వస్తోంది. ఎమ్మారైలో ఎల్4 వెన్నుపూస ఎల్5 మీద కొద్దిగా ముందుకు జారిందని, అంటే గ్రేడ్ 1 స్పాండిలోలిస్థిసిస్ ఉందని, అక్కడే నరాల దారి ఇరుకైందని రాశారు. ముగ్గురు డాక్టర్లను కలిస్తే ఒకరు స్క్రూలు వేసి ఫ్యూజన్ చేయాలన్నారు, అంటే రెండు పూసలను కదలకుండా ఒకటిగా అతికించాలన్నారు, ఇంకొకరు ఇరుకు తొలగిస్తే చాలన్నారు, మూడోవారు మందులతో, వ్యాయామంతో కొన్నాళ్లు చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి, ఆపరేషన్ చేయించకపోతే కాళ్లు పడిపోతాయా, చేయించాక నేల మీద కూర్చోగలరా, చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆగవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను చాలా ఏళ్లుగా వెన్నెముక శస్త్రచికిత్సలు చేస్తున్న వైద్యుడిని. అమ్మగారిని స్వయంగా పరీక్షించకుండా ఫలానా ఆపరేషన్ చేయించండి అని చెప్పడం సరికాదు. అయితే ఇలాంటి నిర్ణయం ఏయే విషయాల మీద ఆధారపడి ఉంటుందో మీకు తెలిస్తే, ఆ ముగ్గురిలో ఎవరి సలహా అమ్మగారికి సరిపోతుందో మీరే చాలావరకు తేల్చుకోగలరు.

ముందుగా ఒక మాట. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు కాబట్టి ఎవరో ఒకరు డబ్బు కోసం చెబుతున్నారని అనుకోకండి. అమ్మగారికి ఉన్న ఈ సమస్య విషయంలో ప్రపంచమంతటా వెన్నెముక సర్జన్లకు ఏకాభిప్రాయం లేదు. దాని వెనుక ఉన్న పరిశోధనల గురించి కింద వివరంగా రాస్తాను.

నడుములో ఐదు వెన్నుపూసలు ఉంటాయి, వాటిని పైనుంచి ఎల్1 నుంచి ఎల్5 వరకు లెక్కపెడతాం. ప్రతి రెండు పూసల మధ్య ముందువైపు ఒక డిస్క్, వెనుకవైపు కుడి ఎడమల రెండు చిన్న కీళ్లు ఉంటాయి. వయసుతో డిస్క్‌లో నీరు తగ్గి అది పలుచబడుతుంది, వెనుక కీళ్లు అరిగి వదులవుతాయి, దాంతో పై పూస కింది పూస మీద కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. ఇది ఎక్కువగా ఎల్4–ఎల్5 దగ్గర, 50 ఏళ్లు దాటినవారిలో, అందులోనూ మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. పూస వెనుక ఉండే ఎముక వలయం చెక్కుచెదరదు కాబట్టి ఈ రకంలో పూస జారిపోయి కిందపడినట్టు కావడమనేది ఉండదు. కింది పూస వెడల్పులో నాలుగో వంతు వరకు జరిగితే గ్రేడ్ 1, సగం వరకు జరిగితే గ్రేడ్ 2 అంటారు. వయసు వల్ల జారేవాటిలో చాలావరకు గ్రేడ్ 1 దగ్గరే ఆగిపోతాయి. పిల్లల్లో, ఫాస్ట్ బౌలింగ్ చేసే కుర్రాళ్లలో ఆ వలయంలోనే పగులు వచ్చి ఎల్5 జారే రకం వేరు. దాని గురించి నెట్‌లో చదివినవన్నీ అమ్మగారికి వర్తిస్తాయనుకోవద్దు.

పూస జరిగినప్పుడు దానితోపాటు వలయమూ జరిగి నరాల దారిని నొక్కుతుంది. వెనుక కీళ్లు ఉబ్బి, లోపలి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, మందమై ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. నిటారుగా నిలబడినా, నడిచినా ఈ ఇరుకు పెరుగుతుంది, ముందుకు వంగితే తగ్గుతుంది. రోగి చెప్పే లక్షణాల్లో దీన్ని పట్టించే గుర్తు ఇదే. నా దగ్గరికి వచ్చిన ఒక కూరగాయల వ్యాపారి ఆవిడ తోపుడు బండి మీదికి వంగి వీధులన్నీ తిరిగేది, బండి వదిలి సందు చివరి దుకాణం దాకా నిటారుగా నడవాలంటే మాత్రం మధ్యలో అరుగు మీద కూర్చోవలసి వచ్చేది. సైకిల్ తొక్కితే రాని నొప్పి నడిస్తే వస్తుందని చెప్పేవారూ ఇదే కోవకు చెందుతారు. అమ్మగారు కూర్చోగానే రెండు మూడు నిమిషాల్లో కాళ్లు తేలికపడుతున్నాయా, లేక నిలబడి ఆగినా తగ్గుతోందా అని అడిగి చూడండి. నిలబడినా తగ్గిపోతుంటే కాళ్ల రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూడాలి. షుగర్ ఉన్నవారిలో ఇది అరుదేమీ కాదు. పాదాల మీద నాడి అందుతోందో లేదో చూడటానికి డాక్టరుకు అరనిమిషం చాలు, అనుమానం ఉంటే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష చేయిస్తారు.

షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతినడం ఇంకో విషయం. రాత్రిళ్లు అరికాళ్లలో మంటలు, మేజోళ్లు తొడిగినట్టు రెండు పాదాల్లోనూ ఒకేలా తిమ్మిరి, కూర్చున్నా పడుకున్నా తగ్గకపోవడం దీని లక్షణాలు. నడుములో ఎన్ని స్క్రూలు వేసినా ఈ మంటలు పోవు. చాలామందిలో రెండు సమస్యలూ కలిసే ఉంటాయి, అప్పుడు ఆపరేషన్ తర్వాత నడక మెరుగై అరికాళ్ల మంటలు మిగిలిపోతాయి. ముందే చెప్పకపోతే రోగి ఆపరేషన్ విఫలమైందనుకుంటారు. తుంటి కీలు అరిగినా గజ్జల్లో, తొడలో నొప్పి వస్తుంది. అమ్మగారిని పడుకోబెట్టి తుంటిని తిప్పి చూడకుండా నడుము ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారంటే పరీక్ష పూర్తి కాలేదని అర్థం.

మీది మునుగోడు ప్రాంతమని రాశారు కాబట్టి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన ప్రాంతపు వైద్యులు దీన్ని మరిచిపోరు గానీ, వేరే రాష్ట్రంలోనో దేశంలోనో చూపిస్తే అక్కడివారికి తట్టకపోవచ్చు. భారతదేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని మొదట గుర్తించి 1937లో ప్రచురించినది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు దశాబ్దాలపాటు బోరు నీళ్లు తాగిన తరానికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక లిగమెంట్లు ఎముకగా మారతాయి, పూసలు వాటంతట అవే అతుక్కుని వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. మెడలోనో వీపులోనో వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు బిగుసుకుపోయి, నడక తూలి, చేతివేళ్లు పట్టు తప్పుతాయి. ఇలాంటివారిలో నడుము ఎమ్మారై ఒక్కటే చూసి అక్కడ ఆపరేషన్ చేస్తే అసలు జబ్బు పైన మిగిలిపోతుంది. అమ్మగారు నడిచేటప్పుడు తూలుతున్నా, చొక్కా గుండీలు పెట్టడం, సూదిలో దారం ఎక్కించడం వంటి పనులు కష్టమవుతున్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పి మెడను కూడా పరీక్షించమనండి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక బోన్ డెన్సిటీ పరీక్షలో గట్టిగా ఉన్నట్టు కనిపించినా నిజానికి పెళుసుగా ఉండవచ్చు. స్క్రూలు వేసే సర్జన్‌కు ఈ సంగతి ముందే తెలియాలి.

ఇక ఎమ్మారై గురించి. రిపోర్టులో రాసిన ప్రతి మాటా జబ్బు కాదు. నడుము నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి విశ్లేషించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 60 ఏళ్లవారిలో 88 శాతం మందికి డిస్క్ అరుగుదల, 69 శాతం మందికి డిస్క్ ఉబ్బు, 23 శాతం మందికి పూస జారడం కనిపించాయి. వీరెవరికీ ఏ బాధా లేదని మరోసారి గుర్తు చేస్తున్నాను. కాబట్టి స్కాన్‌లో జారుడు కనిపించడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. స్కాన్ చూపే చోటు, రోగి చెప్పే బాధ, పరీక్షలో దొరికే లోపం మూడూ ఒకే నరాన్ని, ఒకే పూసను చూపించాలి. ఇంకో విషయం, ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, పడుకుంటే జారిన పూస కొంత వెనక్కి సర్దుకుంటుంది. నిలబెట్టి, ముందుకు వంగినప్పుడు ఒకటి, వెనక్కి వంగినప్పుడు ఒకటి ఎక్స్‌రేలు తీస్తే పూస ఎంత కదులుతోందో తెలుస్తుంది. కొన్ని వందల రూపాయల ఈ ఎక్స్‌రేలు అమ్మగారికి తీశారని మీరు ఎక్కడా రాయలేదు. ఫ్యూజన్ కావాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంటుంది.

ఎందుకంటే ఫ్యూజన్ చేసే పని ఒక్కటే, రెండు పూసల మధ్య కదలికను శాశ్వతంగా ఆపడం. నరం మీది ఒత్తిడిని తీసేది ఫ్యూజన్ కాదు, దానితోపాటు చేసే డికంప్రెషన్, అంటే ఇరుకును తొలగించడం. ఈ రెండూ ఒకే కోతలో, ఒకే బిల్లులో జరుగుతాయి కాబట్టి చాలామందికి రెండూ ఒకటేననిపిస్తుంది. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే: అమ్మగారి బాధకు కారణం ఇరుకా, కదలికా, రెండూనా అన్నది తేలాకే ఏ ఆపరేషన్ అన్న మాట రావాలి.

ఫ్యూజన్ ఎలా పుట్టిందో చూసినా దాని ఉద్దేశం తెలుస్తుంది. 1911లో న్యూయార్క్‌లో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు విడివిడిగా మొదటి ఫ్యూజన్ పద్ధతులను ప్రచురించారు. ఇద్దరి రోగులూ వెన్నుపూసలకు క్షయ సోకి, ఎముక కరిగి, గూని పడుతున్నవారు. అప్పటికి టీబీకి మందులు లేవు, కదలిక ఆపితేనైనా గూని ఆగుతుందని వారి ఆలోచన. ఆ తర్వాత పోలియో వల్ల వెన్ను వంకర తిరిగిన పిల్లల కోసం పాల్ హారింగ్టన్ అమెరికాలోని హ్యూస్టన్‌లో స్టీలు రాడ్లు తయారుచేశారు. పూస వెనుక కాడ ద్వారా స్క్రూలు వేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో రాయ్-కామీ అభివృద్ధి చేశారు. క్షయ, వంకర, విరిగిన పూస, ట్యూమర్ తిన్న పూస, ఇవన్నీ వెన్ను నిలకడ కోల్పోయిన సందర్భాలు. అక్కడ ఫ్యూజన్ అవసరమా అన్న చర్చే చాలాసార్లు ఉండదు. వయసు అరుగుదలకు దీన్ని వాడటం మొదలయ్యాకే వాదోపవాదాలు వచ్చాయి.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే స్క్రూలే అసలు వైద్యమని చాలామంది అనుకుంటారు. రోగిని బోర్లా పడుకోబెట్టి నడుము మధ్యలో కోత పెడతాం, లేదా ఇరువైపులా చిన్న కోతలు పెడతాం. ప్రతి పూస వెనుక కుడి ఎడమల చిటికెన వేలంత మందంలో ఎముక కాడలు రెండు ఉంటాయి, వాటిని పెడికిల్స్ అంటాం. స్క్రూ దాని గుండానే పూస లోపలికి వెళ్లాలి. ఆ కాడ లోపలి గోడకు అవతల, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో నరం ఉంటుంది. అందుకే దారి చేశాక గుండ్రటి మొన ఉన్న సన్నని ప్రోబ్‌ను లోపలికి పంపి నాలుగు గోడలనూ అడుగునూ తడిమి చూస్తాం, ఎక్కడా మెత్తగా తగలకుండా అంతటా ఎముకే గరగరలాడితేనే స్క్రూ దించుతాం. తర్వాత నరాల దారిని నొక్కుతున్న ఎముకను, మందమైన లిగమెంట్‌ను తీసి, పాడైన డిస్క్‌ను తొలగించి, ఆ ఖాళీలో టైటానియంతోనో పీక్ అనే ప్లాస్టిక్‌తోనో చేసిన కేజ్‌ను, అంటే బోలుగా ఉండే చిన్న దిమ్మను, ఎముక ముక్కలతో నింపి కూర్చోబెడతాం. ఆ ముక్కలు చాలావరకు డికంప్రెషన్‌లో తీసిన ఆమె సొంత ఎముకే, చాలకపోతే తుంటి ఎముక నుంచి కొంత తీస్తాం. ఆ ముక్కల మీద కొత్త ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటి కావడమే ఫ్యూజన్. మామిడికి అంటు కట్టినప్పుడు చుట్టే తాడు లాంటివే ఈ స్క్రూలూ రాడ్లూ, అంటు అతుక్కునేదాకా కదలకుండా పట్టుకోవడమే వాటి పని. అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అతుక్కోకపోతే ఎంత గట్టి స్క్రూ అయినా చివరికి వదులవుతుంది, లేదా విరుగుతుంది.

ఇప్పుడు పరిశోధనల సంగతి. 2016లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలను ప్రచురించింది, రెండూ దాదాపు మీరు అడిగిన ప్రశ్న మీదే. స్వీడన్‌లో 247 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఇరుకు తొలగించడం మాత్రమే చేశారు, రెండో జట్టుకు దానితోపాటు ఫ్యూజన్ కూడా చేశారు. రెండేళ్ల తర్వాత రెండు జట్ల మధ్య బాధలో గానీ నడకలో గానీ తేడా లేదు. పూస జారినవారిని విడిగా చూసినా లేదు. ఫ్యూజన్ జట్టులో రక్తం ఎక్కువ పోయింది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉన్నారు. అమెరికాలో 66 మందితో చేసిన రెండో అధ్యయనంలో మాత్రం ఫ్యూజన్ చేసినవారి ఆరోగ్యం కొంత మెరుగ్గా ఉంది, నాలుగేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు ఫ్యూజన్ జట్టులో 14 శాతం, మరో జట్టులో 34 శాతం. 2021లో నార్వే నుంచి 267 మందితో వచ్చిన అధ్యయనం ఈ విషయంలో ఇంకాస్త స్పష్టత ఇచ్చింది. అందులో అందరికీ పూస జారింది. చెప్పుకోదగ్గ ఉపశమనం పొందినవారు డికంప్రెషన్ ఒక్కటే చేసిన జట్టులో 71.4 శాతం, ఫ్యూజన్ కూడా చేసిన జట్టులో 72.9 శాతం. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినవారు వరుసగా 12.5, 9.1 శాతం.

ఈ అంకెలను నేను ఇలా అర్థం చేసుకుంటాను. కాలి నొప్పి ప్రధానమై, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో పూస పెద్దగా కదలకుండా, డిస్క్ అప్పటికే బాగా పలుచబడి ఉంటే, వెనుక కీళ్లను, మధ్య లిగమెంట్లను కాపాడుతూ ఇరుకును తొలగించే చిన్న ఆపరేషన్ చాలు. ఇలాంటివారిలో ప్రకృతే ఆ కీలును సగం బిగించేసి ఉంటుంది. దీనికి భిన్నంగా, వంగినప్పుడు పూస స్పష్టంగా ముందుకు వెళ్లి లేచినప్పుడు వెనక్కి వస్తుంటే, డిస్క్ ఎత్తుగా ఉండి ఎమ్మారైలో వెనుక కీళ్ల నిండా నీరు కనిపిస్తుంటే, కూర్చుని లేచేటప్పుడు, మంచం మీద పక్కకు తిరిగేటప్పుడు నడుములో పట్టేసినట్టు నొప్పి కాళ్ల నొప్పికి సమానంగా ఉంటే, లేదా నరం బయటికి వచ్చే పక్కదారి ఇరుకై కీలును మొత్తం తీస్తే తప్ప ఒత్తిడి పోని పరిస్థితి ఉంటే, నేను ఫ్యూజన్‌నే సూచిస్తాను. అలాంటిచోట ఎముక తీసి వదిలేస్తే ఉన్న కొద్ది నిలకడా పోతుంది. మీరు కలిసిన మొదటి డాక్టరు ఇలాంటిదేదైనా గమనించి ఉండవచ్చు. అది ఏమిటో ఆయన్నే అడగండి. “స్క్రూలు ఎందుకు?” అన్న ప్రశ్నకు “ఇప్పుడందరికీ అలాగే చేస్తున్నాం” అన్నది జవాబు కాదు, ఎక్స్‌రే చూపించి “ఇదిగో, ఇక్కడ ఇంత కదులుతోంది” అన్నది జవాబు.

కాలి నొప్పి లేకుండా నడుము నొప్పి ఒక్కటే ఉండి, స్కాన్‌లో డిస్క్ నల్లబడిందని ఫ్యూజన్ చెప్పించుకున్నవారు ఈ సమాధానం చదువుతుంటే, మీరు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. బ్రిటన్‌లో 349 మందితో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటివారికి ఫ్యూజన్, క్రమపద్ధతిలో చేయించిన గట్టి వ్యాయామ శిక్షణ కంటే స్పష్టంగా మెరుగైనదని తేలలేదు. నార్వే అధ్యయనాలూ దాదాపు అదే చెప్పాయి. అలాంటి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మరో సర్జన్‌ను, వీలైతే ఫిజికల్ మెడిసిన్ డాక్టర్‌ను కూడా కలవండి. హైదరాబాద్ నిమ్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ, పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఎక్స్‌రేల, స్కాన్‌ల అసలు ఫిల్ములు, సీడీలు తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

చేయించకపోతే కాళ్లు పడిపోతాయా అన్న భయం గురించి. వెన్నుపాము ఎల్1–ఎల్2 దగ్గరే ముగుస్తుంది, అమ్మగారికి ఇరుకున్న చోట ఉన్నవి విడివిడి నరాల కట్టలు. అవి ఒత్తిడిని చాలాకాలం తట్టుకుంటాయి. గ్రేడ్ 1 జారుడు ఉన్నవారిలో ఎక్కువమందికి హఠాత్తుగా పక్షవాతం రాదు, కొందరికి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కొందరికి తగ్గుతుంది, కొందరికి నడిచే దూరం మెల్లమెల్లగా తగ్గిపోతుంది. కాబట్టి వారంలో చేయించకపోతే మంచం పడతారన్న మాట మీద నిర్ణయం తీసుకోకండి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం, రెండు కాళ్లలోనూ బలం గంటల్లో, రోజుల్లో తగ్గిపోవడం, ఇవి వస్తే అర్ధరాత్రి అయినా ఎమ్మారై, సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. నడుము నొప్పితోపాటు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో వెన్ను టీబీని ముందు అనుమానించాలి. దానికి ప్రధాన చికిత్స మందులే, ఎముక కూలిపోతున్నప్పుడో నరాలు దెబ్బతింటున్నప్పుడో మాత్రమే ఆపరేషన్.

ఈ లోగా మందుల వైద్యాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నడుమును ముందుకు వంచే వ్యాయామాలు, పొట్ట కండరాలకు బలం, కదలకుండా ఉండే సైకిల్, నొప్పి మొదలయ్యేలోపే ఆగి కూర్చుంటూ విడతలుగా నడవడం చాలామందికి మేలు చేస్తాయి. నరాల దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు లేదా నెలలు ఉపశమనం ఇవ్వవచ్చు, అయితే షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగబాలిన్ వంటి మాత్రలతో ఈ వయసువారికి కళ్లు తిరిగి బాత్రూంలో పడిపోయే ప్రమాదం ఉంది, తక్కువ మోతాదుతో రాత్రిపూట మొదలుపెట్టాలి. మందుల షాపులో సొంతంగా కొనే నొప్పి బిళ్లలు రోజూ వేసుకుంటే షుగర్ ఉన్నవారి కిడ్నీలు త్వరగా దెబ్బతింటాయి, దీన్ని గట్టిగా ఆపించండి. నడుము పట్టీ ప్రయాణంలో పెట్టుకోవచ్చు, రోజంతా పెట్టుకుంటే కండరాలు నీరసిస్తాయి. మూడు నాలుగు నెలలు శ్రద్ధగా ఇవన్నీ చేసినా అమ్మగారు గుడికో, పక్క వీధిలోని బంధువుల ఇంటికో నడిచి వెళ్లలేకపోతుంటే అప్పుడు ఆపరేషన్ సరైన దారి. ఆ దశలో ఆపరేషన్ చేయించుకున్నవారు చేయించుకోనివారి కంటే ఎక్కువగా కోలుకున్నారని 2007లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. మరీ ఏళ్లకేళ్లు వాయిదా వేస్తే నరం కోలుకునే శక్తి తగ్గవచ్చు.

ఏ ఆపరేషన్ అయినా ముందుగా షుగర్ అదుపులోకి రావాలి. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8 శాతం కంటే ఎక్కువ ఉంటే అత్యవసరం కాని ఆపరేషన్‌ను నేను వాయిదా వేస్తాను, ఎందుకంటే లోహం వేసిన చోట చీము పడితే దాన్ని వదిలించుకోవడం చాలా కష్టం. ఫ్యూజన్ అయితే ఎముక బలం, విటమిన్ డి చూడాలి. అమ్మగారికి ఈ అలవాటు లేకపోవచ్చు గానీ, చదివే ఇతరుల కోసం చెబుతున్నాను, చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా మానకపోతే ఎముక అతుక్కునే అవకాశం బాగా తగ్గుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే మొదటి రోజే చెప్పండి.

ఒక స్థాయిలో, అంటే రెండు పూసల మధ్య ఒక్కచోట, ఫ్యూజన్‌కు సాధారణంగా మూడు గంటలు అటూఇటూ పడుతుంది. మరుసటి రోజే నిలబెట్టి నడిపిస్తాం, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతాం. కాళ్ల లాగుడు చాలామందికి మొదటి రోజుల్లోనే తగ్గుతుంది, తిమ్మిరి తగ్గడానికి నెలలు పడుతుంది, కొంత మిగిలిపోనూ వచ్చు. కోత నొప్పి, నడుము బిగుతు ఆరు వారాల దాకా ఉంటాయి. మూడు నెలల వరకు బరువులెత్తడం, నడుము మెలితిప్పడం వద్దు. ప్రమాదాల విషయానికొస్తే, నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, చీము పట్టడం, స్క్రూ దారి తప్పడం, నరానికి దెబ్బ, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఎముక అతుక్కోకపోవడం ఇవి ముఖ్యం. ఇవి ఎవరి చేతుల్లోనూ సున్నా కావు. పక్క పూసల మీద భారం పెరగడం దీర్ఘకాలిక సమస్య. నడుము ఫ్యూజన్ చేయించుకున్నవారిని గమనించి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పక్క స్థాయిలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఐదేళ్లకు 16.5 శాతం, పదేళ్లకు 36.1 శాతం అని అంచనా వేశారు. ఇందులో కొంత వయసు వల్ల ఎలాగూ వచ్చేదే అయినా, అవసరం లేనివారికి స్క్రూలు వేయకూడదనడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం.

నేల మీద కూర్చోవడం గురించి మీ అమ్మగారు మీకంటే ఎక్కువ దిగులు పడుతున్నారనిపించింది. ఒక్క ఎల్4–ఎల్5 స్థాయి బిగిస్తే వంగడంలో పోయేది కొద్దిగానే, మనం వంగేది ఎక్కువగా తుంటి దగ్గర. మూడు నెలల తర్వాత పీట మీద, ఆరు నెలల తర్వాత మోకాళ్లు సహకరిస్తే నేల మీద కూర్చోవచ్చు. అయితే కింద కూర్చుని గంటల తరబడి వంగి కూరలు తరగడం, వంగి ఊడవడం, నాట్లు వేయడం వంటివి ఆపరేషన్ ఏదైనా మానుకోవడమే మంచిది. వంటగట్టు, పొడుగు చీపురు, ఎత్తు టాయిలెట్ ఇంట్లో ముందే ఏర్పాటు చేసుకోండి. టైటానియం స్క్రూలతో తర్వాత ఎమ్మారై తీయించుకోవచ్చు, విమాన ప్రయాణానికీ అడ్డంకి ఉండదు. డిశ్చార్జ్ కాగితం, స్క్రూల వివరాల కార్డు మాత్రం పారేయకుండా దాచుకోండి.

చెల్లెలి పెళ్లి అయ్యేదాకా, పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేనంతవరకు, నిశ్చింతగా ఆగవచ్చు. ఆ సమయాన్ని షుగర్ తగ్గించడానికి, వంగి తీసే ఎక్స్‌రేలు తీయించడానికి వాడుకోండి. కన్యాదానంలో పీటల మీద కూర్చోవడం ఆమెకు పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు, లేచేటప్పుడు చేయి అందిస్తే చాలు. ఇబ్బంది పెట్టేది రిసెప్షన్‌లో వేదిక మీద గంటల తరబడి నిలబడటం, కాబట్టి అక్కడ ఆమెకు ఒక కుర్చీ వేయించండి, విడిది నుంచి మండపానికి నడిపించకుండా బండిలో తీసుకురండి. పెళ్లయ్యాక ఆ ఎక్స్‌రేలు, హెచ్‌బీఏ1సీ రిపోర్టు పట్టుకుని ముందు ఫ్యూజన్ చెప్పిన డాక్టర్‌ను, తర్వాత ఇరుకు తొలగిస్తే చాలన్న డాక్టర్‌ను కలవండి. పూస ఎంత కదులుతోంది, ఒత్తిడి తీయడానికి కీలు ఎంత తీయాల్సి వస్తుంది అన్న రెండు ప్రశ్నలు ఇద్దరినీ అడగండి. ఇద్దరి జవాబులూ కలిస్తే నిర్ణయం తేలికవుతుంది, కలవకపోతే ఆ రెండు జవాబులనూ ఇక్కడ రాయండి, వాటి మీద నా అభిప్రాయం చెబుతాను.